లెక్క సరిగ్గానే వచ్చింది

లెక్కల మాస్టారుకు లెక్క తప్పితే క్షమించేవాళ్ళు ఉంటారు. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు, కూడికలో ఎక్కడో జారింది అని సర్దుకుపోతారు. నాకు ఆ సదుపాయం కూడా లేకపోయింది. నా లెక్కలో ఒక్క అంకె తప్పలేదు. దశాంశ స్థానాలతో సహా కచ్చితంగా వచ్చింది. ఆ కచ్చితమైన లెక్కను చేత పట్టుకుని ఒక చలికాలమంతా పదిమందినీ పోగుచేసి, ఒక మనిషిని దొంగ అని, ఆయన దగ్గర పనిచేసే ఆవిడను దొంగకు తాళాలిచ్చే మనిషి అని తేల్చేశాను. మనసులో అనుకుని ఊరుకున్నా బాగుండేది. కాగితం మీద పెట్టాను. సంతకం కూడా చేశాను.

మేముండేది ఇంగ్లండ్ తూర్పు తీరంలో, స్కెగ్‌నెస్‌కు కాస్త ఇవతల, ఒక పార్క్ హోమ్‌లో. తెనాలి వాళ్ళకు సూర్యలంక ఎలాగో లెస్టర్ వాళ్ళకు స్కెగ్‌నెస్ అలాగ. సెలవొస్తే అక్కడికే, రిటైరైతే అక్కడికే. నేను లెస్టర్‌లో బడిపిల్లలకు లెక్కలు చెప్పి, మా ఆవిడ అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఇద్దరం రిటైరయ్యాక ఊళ్ళో ఇల్లు అమ్మి ఇక్కడికి చేరాం. అమ్మిన డబ్బులో కొంత అమ్మాయి ఇంటికి సాయం చేశాం, మిగిలినదాంతో ఇది కొన్నాం.

పార్క్ హోమ్ అంటే ఇక్కడున్న మనవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. ఇల్లు మనది, కింద నేల మనది కాదు. ఫ్యాక్టరీలో రెండు సగాలుగా చేసి, లారీల మీద తెచ్చి, కాంక్రీటు గచ్చు మీద దించి మధ్యలో కలిపేస్తారు. పెంకుల కప్పు, పూల తెరలు, ముందు గులాబీ మొక్కలు, అన్నీ ఉంటాయి. చట్టం కళ్ళకు మాత్రం అది కారవానే. చుట్టూ కట్టిన పొట్టి ఇటుక గోడ వెనక్కి వంగి చూస్తే కింద ఇనుప చట్రం కనిపిస్తుంది. నేలకు నెలనెలా పిచ్ ఫీజు కట్టాలి. రేపు ఇల్లు అమ్ముకుంటే వచ్చిన ధరలో పది శాతం దాకా పార్క్ యజమానికి కమిషన్ కింద పోతుంది. ఇంట్లోకి వచ్చే నీళ్ళు, కరెంటు, గ్యాసు చాలా పార్కుల్లో యజమాని చేతుల మీదుగానే వస్తాయి. ఆయన కంపెనీ దగ్గర కొంటాడు, మనం ఆయన దగ్గర కొంటాం. బిల్లు మీద కంపెనీ ముద్ర ఉండదు, పార్కు ఆఫీసు చిరునామా ఉంటుంది.

ఆ బిల్లు దగ్గరే నా తెలివితేటలు పనిచేయడం మొదలుపెట్టాయి.

2024 జనవరి బిల్లు. 62 యూనిట్లు, యూనిట్ 2 పౌండ్ల 60 పెన్నీలు. వెరసి 161 పౌండ్ల 20 పెన్నీలు. స్టాండింగ్ ఛార్జి 6 పౌండ్లు. దాని కింద వ్యాట్, దాని కింద మొత్తం: 200 పౌండ్ల 64 పెన్నీలు. కాగితం అంతే. సగం పేజీ కూడా లేదు.

ఆ వారం అమ్మాయి దగ్గరికి రెడింగ్ వెళ్ళాం. వాళ్ళ గ్యాస్ బిల్లు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. ఇతరుల ఉత్తరాలు చదవకూడదని పిల్లలకు నేర్పినవాణ్ణి, అయినా బిల్లు ఉత్తరం కాదు కదా అనుకుని తీసి చదివాను. దాని వెనకాల సన్నటి అక్షరాల్లో లెక్క మొత్తం వివరంగా ఉంది. మీటరు చెప్పేది ఘనపు మీటర్లు. దాన్ని 1.02264తో గుణించాలి, అది వేడికీ పీడనానికీ చేసే సవరణ. వచ్చినదాన్ని ఆ గ్యాసు కెలోరిఫిక్ విలువతో గుణించాలి. అమ్మాయి బిల్లులో ఆ విలువ 39.4. దాన్ని 3.6తో భాగిస్తే కిలోవాట్ అవర్లు వస్తాయి. ధర ఆ కిలోవాట్ అవర్‌కు. అమ్మాయి కడుతున్నది ఏడు పెన్నీల పైచిలుకు.

ఇంత ముచ్చటైన సూత్రం చూసి చాలా కాలమైంది. అమ్మాయి కాఫీ తెచ్చేలోగా మా 62 యూనిట్లను అందులో వేసి చూశాను. 62ను 1.02264తో, దాన్ని 39.4తో, ఆపైన 3.6తో. 694 కిలోవాట్ అవర్లు. 161 పౌండ్ల 20 పెన్నీలను 694తో భాగిస్తే 23 పెన్నీల పైన.

ఏడు ఎక్కడ, ఇరవై మూడు ఎక్కడ? మూడింతలు! కాఫీ చల్లారిపోయింది.

"మాకు వచ్చేదీ మీకు వచ్చేదీ ఒకటేనా నాన్నా?" అంది అమ్మాయి.

"గ్యాస్ గ్యాసే. పైపులో వస్తుంది, మీటరులో తిరుగుతుంది" అన్నాను.

నేను పట్టిన కుందేలుకు ఆ క్షణం నుంచి మూడే కాళ్ళు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పార్కు చివర పొదల కంచె వెనక తెల్లటి పొడుగాటి ట్యాంకులు ఉన్నాయి. అవి మురుగునీటి తాలూకువి అని నేనే అనుకుని, నేనే నమ్మి, చూడవచ్చిన చుట్టాలకు కూడా అలాగే చెప్పాను. చలికాలంలో తరచుగా ఒక ట్యాంకర్ లారీ మా కిటికీ ముందు నుంచే వెళ్ళి ఆ కంచె దగ్గర ఆగేది. దాని వెనకాల నారింజ రంగు పలక, పలక మీద 1978 అన్న అంకె. నేను ఈ దేశానికి వచ్చింది 1978లోనే. లారీ కనిపించినప్పుడల్లా మా ఆవిడతో "అదిగో, నేనొచ్చిన ఏడాది పోతోంది" అనేవాణ్ణి. అంకెలంటే నాకంత ప్రేమ. లారీ మీద అంకె ఎందుకు రాస్తారన్న ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు. ప్రపంచమంతటా ప్రమాదకర సరుకులకు ఇచ్చే నంబర్లలో 1978 అంటే ప్రొపేన్. మురుగునీటి ట్యాంకు దగ్గరికి ప్రొపేన్ లారీ వచ్చి ఏం చేస్తుందో అడగడానికి లెక్కలు రానక్కర్లేదు.

మా ఆవిడ అడిగింది కూడా. రెడింగ్ నుంచి వచ్చిన సాయంత్రం నేను వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి ఎర్ర సిరా పెన్నుతో పాత బిల్లులన్నీ తిరగరాస్తున్నాను. పిల్లల నోటు పుస్తకాలు దిద్దినప్పటి అలవాటు, తప్పు కనిపిస్తే ఎరుపే. ప్రతి బిల్లు పక్కనా అసలు కిలోవాట్ అవర్లు, అసలు ధర, కింద రెండు గీతలు. కొన్నిటి పక్కన ఒక మాట కూడా రాశాను. ఆ మాట తర్వాత చెప్తాను.

"ఏమండీ, ఇది మన గ్యాస్ బండలో వచ్చే గ్యాసేమో? దాన్ని అక్కడ బరువు చూసి కదా తీసుకుంటాం, ఇక్కడ మీటరు పెట్టి ఎలా కొలుస్తారు?" అంది.

మంచి ప్రశ్న. తెనాలిలో వాళ్ళన్నయ్య ఇంటికి బండ వస్తే, తెచ్చిన కుర్రాడు కొక్కెం తక్కెడకు తగిలించి చూపించేదాకా వదినగారు లోపలికి రానిచ్చేది కాదు. 14.2 కిలోలు ఉండాలి, బండ బరువు పోగా. మా ఆవిడకు గ్యాస్ అంటే బరువున్న వస్తువు. నాకు గ్యాస్ అంటే పైపు. నలభై ఏళ్ళకు పైగా ఊరి మెయిన్ లైన్ మీద బతికినవాణ్ణి.

"నీకు తెలియదులే" అన్నాను. ఈ వ్యాసంలో నేను సిగ్గుపడాల్సిన వాక్యాలు చాలా ఉన్నాయి. ముందు వరసలో అది ఉంటుంది.

తర్వాతి రోజుల్లో నేను తీరిక లేని మనిషినయ్యాను. పార్కులో చాలామంది డెబ్బై దాటినవాళ్ళు. చలికి ఒక గదిలోనే హీటర్ పెట్టుకుని కూర్చునేవాళ్ళు ఉన్నారు. పాతకాలపు పార్క్ హోమ్ గోడలు పల్చన, నేల కింద నుంచి గాలి కొడుతుంది, వెచ్చదనం ఎంత కొన్నా నిలవదు. అలాంటివాళ్ళ తలుపు తట్టి "మీ దగ్గర మూడింతలు లాగుతున్నారు" అంటే ఎవరు వినరు? నేను రిటైరైన మాస్టారిని, చేతిలో కాగితం, కాగితం మీద సూత్రం. ఒకరిద్దరు నా చేయి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా నాకు నిద్ర పట్టదు.

క్లబ్ హౌస్‌లో మీటింగ్ పెట్టాం. నేను తెల్ల బోర్డు తెప్పించాను. సూత్రాన్ని మెట్టుమెట్టుగా రాసి, చివర 23 చుట్టూ సున్నా చుట్టాను. చప్పట్లు కొట్టారు. బళ్ళో పనిచేసినన్నాళ్ళూ గుణకారానికి నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ ఊపులోనే ఉత్తరం రాశాను. ఇంధన రంగాన్ని నియంత్రించే ఆఫ్‌జెమ్ నియమం ఒకటి ఉంది. 2003 జనవరి నుంచి అమల్లో ఉంది. యజమాని తాను కొన్న గ్యాసును, కరెంటును ఇంటివాళ్ళకు మళ్ళీ అమ్మేటప్పుడు తాను కట్టిన ధరను మించి వసూలు చేయకూడదు, లాభం వేసుకోకూడదు. నియమం నిజం, నేను చదివిందీ నిజం. దాన్ని ఉటంకించి, "మీరు సాగిస్తున్నది పట్టపగలు దోపిడీ" అని రాసి, పద్నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్తామని ముగించాను. కింద నా సంతకం పెద్దది, మిగతావాళ్ళవి చిన్నవి.

జవాబు మర్నాడే వచ్చింది. ఆఫీసులో పనిచేసే ఆవిడ రాసింది, నేను తాళాలు ఇచ్చిందన్న ఆవిడే. మూడు వాక్యాలు. ఈ పార్కుకు మెయిన్ గ్యాస్ లేదు. మనం వాడేది ట్యాంకుల్లోని ఎల్పీజీ, అంటే ప్రొపేన్. మీరు ఉటంకించిన ఆఫ్‌జెమ్ నియమం మెయిన్ లైన్ గ్యాసుకూ కరెంటుకూ తప్ప దీనికి వర్తించదు. ఆవిడ వెటకారం చేయలేదు. చేసి ఉంటే కోపం తెచ్చుకోవడానికి నాకు ఒక ఆధారం దొరికేది.

ఆ ఉత్తరం చదివాక కూడా నేను లొంగలేదు సుమా. ప్రొపేన్ అయితే ఏమిటి, ఘనపు మీటరు ఘనపు మీటరే కదా అని వాదించాను. వాదన విన్నది ఎదురింటి పెద్దాయన. ఆయన మీటింగుకు రాలేదు, ఉత్తరం మీద సంతకం పెట్టలేదు. ఎందుకు రాలేదో నేను అడగలేదు. చదువుకున్నవాడు కాదులే అనుకున్నాను. (చూశారా, ఒక తప్పు ఒంటరిగా రాదు.)

పెద్దాయన యవ్వనంలో గ్యాస్ ఫిట్టర్. 1967 నుంచి 1977 దాకా ఈ దేశంలో ఇంటింటికీ గ్యాస్ మార్చారు. అంతకు ముందు బొగ్గు కాల్చి తీసిన గ్యాసును ఊరూరా వాడేవారు. ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికాక దేశం మొత్తాన్ని దాని మీదికి మళ్ళించారు. వీధి వీధినే కట్టేసి, ప్రతి ఇంట్లో ప్రతి పొయ్యికీ ప్రతి హీటరుకూ మూతులు మార్చి, మళ్ళీ తెరిచేవారట. ఆ పని చేసిన వేలమందిలో ఈయన ఒకడు.

నా వాదన అంతా విని ఆయన షెడ్డులోకి వెళ్ళి ఒక పొగాకు డబ్బా తెచ్చాడు. లోపల చిన్న చిన్న ఇత్తడి జెట్లు, మన స్టవ్ బర్నర్ కింద ఉండేలాంటివి. రెండు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒకే ఎత్తు, ఒకే మరలు. వెలుతురుకు ఎత్తి చూడమన్నాడు. ఒకదాని నడుమ సూది మొనంత కన్నం. రెండోదాని కన్నం అంతకంటే బాగా వెడల్పు, ఎదురుగా కంచె మీద కూర్చున్న పిచ్చుక దాంట్లోంచి కనబడింది.

"వెడల్పుది మీ అమ్మాయి ఇంటి పొయ్యికి. సన్నది మనకి. ఎందుకంటావు, డక్?" అన్నాడు. లింకన్‌షైర్ ముసలివాళ్ళు ఎవరినైనా అలాగే పిలుస్తారు.

నేను మాట్లాడలేదు. చేతిలో పెట్టాక ఇంకేం మాట్లాడతాను? సన్నటి కన్నంలోంచి కొంచెం గ్యాసు వచ్చినా అదే మంట కావాలంటే, ఆ కొంచెంలోనే ఎక్కువ వేడి ఉండాలి. ఒక ఘనపు మీటరు సహజవాయువులో 11 కిలోవాట్ అవర్ల వేడి ఉంటే, అంతే ప్రొపేన్‌లో 26 దాకా ఉంటుంది. రెండింతలకు పైన. నేను బోర్డు మీద రాసిన 39.4 ఉంది చూశారూ, అది ఆ గ్యాసు ఒంటి లక్షణం. మా ట్యాంకులో గ్యాసుకు ఆ చోట 93 రావాలి. బళ్ళో పిల్లలెవరైనా వృత్త వైశాల్యానికి చతురస్రం కొలత వేస్తే నేను పేజీ మొత్తం కొట్టేసేవాణ్ణి.

పెద్దాయన ఇంకో ముచ్చట చెప్పాడు. అప్పట్లో సహజవాయువుకు మారాక కొందరు ముసలమ్మలు మీటరు పాడైందని ఫిర్యాదు చేశారట. పొయ్యి ఎప్పటిలాగే మండుతోంది, మీటరు మాత్రం సగమే తిరుగుతోంది. కొత్త గ్యాసులో పాతదానికి రెండింతల వేడి ఉండటమే కారణం. బిల్లు సగమవుతుందని వాళ్ళు సంబరపడ్డారు, కాలేదు. ఎందుకంటే ఈ దేశంలో 1920 చట్టం వచ్చినప్పటి నుంచే గ్యాసుకు ధర కట్టేది వేడి లెక్కన, అప్పటి కొలత థర్మ్. మీటరు కొలిచేది పొట్ట, మనం డబ్బు పెట్టేది వేడికి అన్నాడు పెద్దాయన. ఆయన చదువుకున్నవాడు కాదని నేననుకున్నది గుర్తుంది కదా.

ఇంటికొచ్చి మళ్ళీ వేశాను. 62ను 25.9తో గుణిస్తే 1,606 కిలోవాట్ అవర్లు. కిలోవాట్ అవర్‌కు పది పెన్నీలు. అమ్మాయి కట్టేదానికంటే ఎక్కువే, నిజమే, ఎల్పీజీ మెయిన్ గ్యాస్ కంటే ఎప్పుడూ ప్రియమే. లీటరు ద్రవ ప్రొపేన్‌లో ఏడు కిలోవాట్ అవర్లుంటాయి, ఒక ఘనపు మీటరు వాయువు కావాలంటే మూడున్నర లీటర్ల పైచిలుకు ద్రవం ఆవిరవ్వాలి. లారీ, డ్రైవరు, ట్యాంకు అద్దె అన్నీ అందులోనే. ఎక్కువ ధర వేరు, దోపిడీ వేరు.

"నువ్వన్నట్టు బండలో గ్యాసే" అన్నాను మా ఆవిడతో.

"ఊఁ" అంది, పప్పు కలుపుతూ. అంతకంటే పెద్ద శిక్ష వేయగలిగి కూడా వేయలేదు.

ఆ తర్వాత నేను చేసినది ముందు చేసినదానికంటే పెద్ద తెలివితక్కువ పని. నోరు మూసుకున్నాను. వీధిలో తల వంచుకుని నడిచాను. బిల్లు వస్తే కవరు విప్పకుండా డబ్బు కట్టేసి ఫైల్లో పెట్టాను. ఎవరైనా గ్యాస్ మాటెత్తితే వాతావరణం మాటెత్తాను. మీటింగుకు వచ్చినవాళ్ళకు అసలు సంగతి చెప్పాల్సింది నేను. చెప్పే ధైర్యం లేక, ఆఫీసు ఉత్తరాన్ని నోటీసు బోర్డుకు అంటించి, చీకటి పడ్డాక అంటించి, వచ్చేశాను.

అంతకు ముందు ఏడాది కూడా నా అతి తెలివి నష్టం తెచ్చింది. 2022 శీతాకాలంలో ధరలు మండిపోతే ప్రభుత్వం ఇంటింటికీ 400 పౌండ్లు ఇచ్చింది. అమ్మాయి వాళ్ళకు కంపెనీ బిల్లులోనే తగ్గిపోయింది. మాలాంటివాళ్ళకు కంపెనీతో నేరుగా ఖాతా లేదు కాబట్టి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. 2023 ఫిబ్రవరి చివర్లో తెరిచారు, మే 31తో మూసేశారు. "అందరికీ వచ్చినట్టే మనకూ దానంతట అదే వస్తుంది, తొందరేం" అని నేను వీధిలో ఉపన్యాసం ఇచ్చాను. నా మాట వినకుండా దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళందరికీ వచ్చింది.

సరే, బిల్లు దగ్గరికి వద్దాం. మా వరసలో చివరి ఇంట్లో ఒకావిడ ఉంది. వృద్ధాశ్రమంలో వంట చేసి రిటైరైంది. లెక్కలంటే భయం అని తనే చెప్తుంది. నా మీటింగులో వెనక కుర్చీలో కూర్చుని, బోర్డు వైపు ఒక్కసారి చూసి, మిగతా సేపంతా స్వెట్టర్ అల్లుకుంది. వేసవిలో ఒకరోజు మా తలుపు కొట్టి బిల్లు చూపించింది. వేలు కింది నుంచి రెండో గీత మీద ఉంది.

"ఇంటి గ్యాసు మీద వ్యాట్ ఐదు శాతమే కదా? మా ఆశ్రమం బిల్లులు నేనే ఆఫీసులో ఇచ్చేదాన్ని, వాటి మీద ఐదే ఉండేది. ఇక్కడ ఇరవై ఎందుకుంది?"

వ్యాట్, 20 శాతం. 167 పౌండ్ల 20 పెన్నీల మీద 33 పౌండ్ల 44 పెన్నీలు. నేను ఆ జనవరి బిల్లును ఎర్ర సిరాతో నిలువునా అడ్డంగా కోసి చూసినవాణ్ణి. వ్యాట్ గీత మీద మాత్రం కలం పెట్టలేదు. పన్ను ప్రభుత్వానిది, అందులో మోసం ఏముంటుంది అని దాటేశాను. ఇంటి అవసరాలకు వాడే ఇంధనం మీద వ్యాట్ 1997 సెప్టెంబర్ నుంచి ఐదు శాతమే. ఎల్పీజీ అయినా అంతే, పార్కు యజమాని మీటరు పెట్టి అమ్మినా అంతే. ఐదు శాతం వేస్తే 8 పౌండ్ల 36 పెన్నీలు. ఆ ఒక్క నెలలో ఒక్క ఇంటి దగ్గర 25 పౌండ్ల 8 పెన్నీలు ఎక్కువ పోయింది. నా అరవై మూడు గీతల గుణకారాలు లేని దోపిడీని పట్టుకున్నాయి. ఉన్న పొరపాటు బడికెళ్ళే పిల్లాడికి కూడా కనిపించే చోట, అచ్చులో, శాతంతో సహా ఉంది.

ఆవిడ ఉత్తరంలో దోపిడీ అన్న మాట లేదు. ఉత్తరమే లేదు నిజానికి. ఆఫీసుకెళ్ళి అడిగింది. 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టం కింద మాకు ఒక హక్కుంది. గ్యాసుకు, కరెంటుకు, నీళ్ళకు యజమాని మా దగ్గర వసూలు చేసేదానికి ఆధారాలు చూపించమని అడిగితే ఆయన పైసా తీసుకోకుండా చూపించాలి. ఆఫ్‌జెమ్ నియమం ఎల్పీజీకి లేకపోయినా ఈ హక్కు ఉంది. నేను మొదటి రోజే ఇది అడిగి ఉంటే ట్యాంకర్ కంపెనీ రసీదు చేతికొచ్చేది, దాని మీద ప్రొపేన్ అని పెద్దక్షరాల్లో ఉండేది, తెల్ల బోర్డు అద్దె మిగిలేది.

రసీదులు ఇచ్చారు. వాటి మీద వ్యాట్ ఐదే. ఆఫీసులో బిల్లుల సాఫ్ట్‌వేర్ కొత్తది పెట్టినప్పుడు పిచ్ మీద మరమ్మతు ఖర్చులకు వేసే ఇరవై శాతమే గ్యాసుకు కూడా పడిపోయింది, ఎవరూ చూడలేదు. యజమాని ఒప్పుకున్నాడు. ఎవరెవరి దగ్గర ఎంత ఎక్కువ తీసుకున్నారో లెక్క తేల్చి రాబోయే బిల్లుల్లో తగ్గిస్తానన్నాడు.

లెక్క తేల్చడానికి పాత బిల్లులు కావాలి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ముందటి వాటి వివరాలు సరిగా దిగలేదట, ఎప్పటి నుంచి తప్పు పడిందో కాగితం చూస్తేనే తెలుస్తుంది. పార్కులో ఎవరి దగ్గరా వరసగా లేవు. కొందరు చలికాలంలో పొయ్యిలో వేశారు, కొందరు కట్టగానే చించేశారు. వరసగా, తేదీల ప్రకారం, కన్నాలు వేసి ఫైల్లో ఉన్నది ఒక్క మా ఇంట్లోనే. వంట చేసిన ఆవిడ ఆ సంగతి ఆఫీసులో చెప్పేసింది. చెప్పేముందు నన్ను అడగలేదు.

ఫైలు తీసుకుని నేనూ మా ఆవిడా వెళ్ళాం. దారిలో నేను చెప్పదలుచుకున్న క్షమాపణ రెండుసార్లు అప్పజెప్పుకున్నాను. చెప్పాను కూడా. ఆఫీసావిడ పర్లేదండీ అని, ఉత్తరం ఫైల్లో ఎప్పుడో పెట్టేశాం అని, మా ఆవిడ మోకాలు ఎలా ఉందో అడిగింది. నాకు ఒళ్ళు తేలికైంది. ఫైలు ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ ఒక్కొక్క బిల్లే తీసి కాపీ మిషన్ మీద పెడుతోంది. రెండోదో మూడోదో పెట్టి ఆగింది. దగ్గరికి తెచ్చుకుని చూసింది. మార్జిన్ నిండా ఎర్ర సిరా అంకెలు, 1.02264లు, 39.4లు, రెండేసి గీతలు. వాటి కింద తెలుగులో, బాణం గుర్తు పెట్టి ఆఫీసు చిరునామా వైపు చూపిస్తూ, నేను తర్వాత చెప్తానన్న మాట: దొంగలు.

"ఈ లిపి చాలా అందంగా ఉంది. ఏం రాసి ఉంది?" అంది.

"బాకీ లేదు అని" అన్నాను.

"మీరే రాశారా?"

"కాదు, మా ఆవిడ" అన్నాను.

మా ఆవిడ పక్క కుర్చీలోనే ఉంది.